నీటికుక్క కాలరు

ఆ ఫర్వాను సుల్తాన్‌బీ రెండు చేతుల మీద పరుచుకుని, కొంగు కూడా తగలనివ్వకుండా తెచ్చి లాండ్రీ బల్ల మీద పెట్టింది.

ఫర్వా అంటే చలికాలంలో అరబ్బులు భుజాల మీద వేసుకునే బరువైన పొడుగంగీ. పైన మందపాటి బట్ట, లోపల గొర్రెబొచ్చు. కువైట్‌లోని ఈ జహ్రాలో జనవరి వచ్చిందంటే ఏ లాండ్రీలో చూసినా నాలుగైదు వేలాడుతుంటాయి. అయితే దీని కాలరు గొర్రెది కాదు. ముదురు గోధుమరంగు, దగ్గరికి దువ్వినట్టు నున్నటి బొచ్చు. ట్యూబులైటు కింద పెడితే నూనె రాసినట్టు మెరిసింది.

"దావూదన్నా, ఇది మా ముసిలి బాబాది. పాణమంతా దీంట్లోనే పెట్టుకోనుండాడు. కాలరు మీద గహ్వా ఒలకబోసుకున్యాడు" అంది సుల్తాన్‌బీ. గహ్వా అంటే అరబ్బుల కాఫీ. "మరక పోవల్లంట, బొచ్చు ఒక్కటి రాలకూడదంట. మామా నూరుసార్లు చెప్పింది." మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, ముసిలి బాబా ఆవిడ మామగారు.

దావూద్ కాలరు దగ్గరికి వంగి ఉఫ్ మని ఊదాడు. పైబొచ్చు పాయలుగా విడిపోయి, కింద పట్టులాంటి సన్నటి నూగు కనిపించింది. ఎంత ఊదినా అడుగున తోలు మాత్రం కనిపించలేదు. అతని ముఖం వెలిగిపోయింది.

"ఏందో తెల్సునా ఇది? నీటికుక్క."

"కుక్కా? తోబా తోబా! ఇంత దూరం మోసుకొస్తి గదన్నా దీన్ని!"

"అట్లాంటి కుక్క గాదుమ్మే. యేట్లో ఉంటాది. చేపలు తిని బతుకుతాది. ముంగిసను సాగదీసినట్టుంటాది. మా పెన్నేట్లో ఉండేవి. నేను చేత్తో పట్టినోణ్ని, నాకు చెప్తావా?"

ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి సిరాజ్ కిసుక్కున నవ్వాడు. అతనిది కడప టౌను. దావూద్ చేత్తో పట్టిన వాటిలో పోయినేడు నాగుపాము కూడా ఉంది మరి.

దావూద్‌ది సిద్ధవటం పక్కన పెన్నేటి గట్టు ఊరు. కువైట్ వచ్చి పంతొమ్మిదేళ్లు, ఈ లాండ్రీలోనే పదమూడేళ్లు. గోరింటాకు మరక, తుప్పు మరక, మాంసం కూర మరక, ఏది తెచ్చినా చూడగానే మందు చెప్పేస్తాడు. చుట్టుపక్కల అరబ్బు ఇళ్లవాళ్లు అతన్ని పేరుపెట్టి పిలవరు, ఉస్తాద్ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా అతని భుజాలు ఒక అంగుళం పైకి లేస్తాయి.

"ఉస్తాదన్నా, బొచ్చు సరుకు మనం ముట్టుకోగూడదని ముదీరు చెప్పినాడు గదా" అన్నాడు సిరాజ్. ముదీరంటే మేనేజరు. "షువైఖ్‌లో దానికని వేరే డ్రైక్లీనింగ్ ఉండాది. రేపు బండిలో పంపిద్దాం."

"నీళ్లల్లో పుట్టి నీళ్లల్లో పెరిగే జీవం. దాని తోలుకు నీళ్లు చేటంటావా? చదువుకున్యావు గదప్పా, కొంచెం బుర్ర పెట్టు."

సుల్తాన్‌బీ ఇద్దరి వైపూ చూసింది. "అన్నా, ఏదైనా చెయ్యండి, నా మీదికి మాట రానీకండి. ఫిబ్రవరి రెండుకు ఊరికి నా టికెట్టు. నా బిడ్డ షగుఫ్తాకు తొలికాన్పు. డాక్టరమ్మ ఇరవై తారీఖు అనింది. దానికి నేను తప్ప ఎవురుండారు? దాని అత్త మంచాన పడిండాది. పాస్‌పోర్టు ఇస్తానని మామా ఒప్పుకోనుండాది."

"నువ్వు నిమ్మళంగా పో. మూడోనాటికి వచ్చి తీస్కపో" అన్నాడు దావూద్.

అతనికంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే, చిన్నప్పుడు ఒక చలికాలంలో చూసినదాన్నుంచి వచ్చింది. నీటికుక్కలు వలలు కొరికేస్తున్నాయని అతని మేనమామ ఒకదాన్ని ఉచ్చువేసి పట్టి, కర్రతో కొట్టి చంపాడు. తోలు వెదురుబద్దల మీద సాగదీసి ఆరగట్టారు. తోళ్లు కొనే మనిషి ఒకడు ఎక్కడినుంచో మోటారుసైకిలు మీద వచ్చి, ఆ బొచ్చును ఊది చూసి, చెంబెడు నీళ్లు దాని మీద పోశాడు. నీళ్లు తామరాకు మీద జారినట్టు జారిపోయాయి. ఇంకో చెంబు పోశాడు. తడవలేదు. "చూస్తిరా, సరుకంటే ఇది" అన్నాడు. గట్టు మీదున్న జనమంతా నోళ్లు తెరుచుకుని చూశారు. అంతే, దావూద్‌కు నీటికుక్క గురించి తెలిసిందంతా ఆ రెండు చెంబుల నీళ్లే. చచ్చినదాని జత రెండ్రోజులపాటు అవతలి గట్టున ఈలవేసినట్టు కూస్తూ తిరగడం కూడా అతను విన్నాడు గానీ, ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. చెప్పేటప్పుడు మేనమామను తీసేసి, ఆ చోట తనను పెట్టుకునేవాడు.

పచ్చితోలు వేరు, ఎవరో ఎప్పుడో పదును చేసిన డెబ్భై ఏళ్ల పాతతోలు వేరు. బొచ్చు కొసన నీళ్లు జారినంత మాత్రాన, తోలును తొట్టిలో ముంచితే ఊరుకుంటుందా? ఈ ప్రశ్న అతను వేసుకోలేదు. తెలిసినవాడినన్న ధీమా ఉన్నచోట ప్రశ్నకు చోటేదీ?

మర్నాడు సిరాజ్ అన్నానికి పోయినప్పుడు, దావూద్ కాలరు కుట్లు విప్పి ఫర్వానుంచి వేరుచేశాడు. గోరువెచ్చటి నీళ్లలో పసిపిల్లల షాంపూ కలిపి అందులో ముంచాడు. గహ్వా మరక పసుపుపచ్చగా కరిగి నీళ్లలోకి వచ్చేసింది. ఎంత సంబరపడ్డాడో చెప్పలేం. తీసి పిండకుండా తువ్వాలుతో అద్దాడు. తోలువైపు చెయ్యి పెడితే నానబెట్టిన రొట్టెలా మెత్తగా తగిలింది.  ఆరితే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. తొందరగా ఆరాలని బాయిలరు గొట్టం పక్కన బల్ల మీద పరిచి, సాయంత్రపు అసర్ నమాజుకు పోయాడు.

తిరిగొచ్చి చూసేసరికి కాలరు కాల్చిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది. జానెడున్నచోట నాలుగు వేళ్ల వెడల్పు లేదు. సాగదీద్దామని రెండు కొసలూ పట్టుకుంటే చిట్లింది. వేళ్లకు గోధుమరంగు బొచ్చు కుచ్చులు కుచ్చులుగా అంటుకొచ్చింది.

వెనకనుంచి సిరాజ్ వచ్చి నిలబడ్డాడు. దావూద్ వేళ్లకంటిన బొచ్చు చూశాడు. 

"పాయెనా?" అన్నాడు.

"యాడ పోతాది. కుట్టేస్తే కనపడదు."

"అన్నా, ముదీరుకు చెప్దాం. నాలుగు తిట్లు తిడతాడు, అంతే గదా. అరబ్బాయనకు కూడా చెప్దాం."

"నువ్వు మూసుకోని ఇస్త్రీ చేసుకోప్పా."

ముదీరు తిట్లకు కాదు అతని భయం. జీతంలో కోసుకుంటే కోసుకుంటారు. ఉస్తాద్ ఒక తోలుముక్కను నీళ్లల్లో ముంచి చంపేశాడట అని జహ్రా అంతా చెప్పుకుంటుంది. బకాలా కొట్టు మొదలుకుని మసీదు మెట్లదాకా, ఏం దావూదూ నీటికుక్క ఎట్లుండాది అని పలకరిస్తారు. ఆ పలకరింపు తలుచుకుంటేనే అతని చెవులు వేడెక్కాయి.

కూర్చుని కాలరు తిరిగి కుట్టాడు. ఇదివరకు గొంతు దగ్గర రెండు కొసలూ కలిసేవి. ఇప్పుడు చెవుల కింద ఆగిపోయాయి. ఉన్న బొచ్చును దువ్వెనతో చిట్లినచోటి మీదికి దువ్వాడు. బట్టతల మనిషి నాలుగు వెంట్రుకలు అడ్డంగా దువ్వుకున్నట్టుగా ఉంది.

ఆ తర్వాత చేసిన పనిముందు ఇదంతా ఒక లెక్కలోది కాదు.

ఆ లాండ్రీలో ఒక పద్ధతుంది. బట్టలు తీసుకునేటప్పుడే వాటిని మనిషి ముందర తిప్పిచూసి, చిరుగుంటే చిరుగని, గుండీ లేకపోతే లేదని రసీదులో అడుగున రాసి, తెచ్చినవాళ్లచేత సంతకం పెట్టించుకుంటారు. రేపు గొడవొస్తే ఆ రసీదే సాక్ష్యం. సుల్తాన్‌బీ తెచ్చినరోజు దావూద్ "కాఫీ మరక" అని మాత్రమే రాసుకున్నాడు. తెలిసిన మనిషే కదా అని సంతకం అడగలేదు. ఇప్పుడు దానికింద అదే పెన్నుతో, అదే వాలుతో, "తోలు ఎండిపోయి చిట్లి ఉంది, నీళ్లలో తడిసినట్టుంది, బొచ్చు ఊడుతోంది" అని ఇంగ్లీషులో రాశాడు.

మూడోనాడు సుల్తాన్‌బీ వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచే కాలరు చూసి ఆగిపోయింది.

"ఇదేందన్నా, ఇట్లయిపోయింది?"

"పాతదిమ్మే. మరక తీసినాక దాని అసలు రంగు బయటపడినాది. మీ ఇంట్లో ఎవురో ముందే తడిపి ఎండకేసినట్టుండారు."

"ఎవురేస్తారన్నా? దాన్ని మడిచి బీరువాలో పెట్టేదే నేను."

దావూద్ తలెత్తలేదు. "అయితే నువ్వే వేసింటావు. గుర్తుండదులే, ఇంటెడు పని."

పక్కన ఆవిరి ఇస్త్రీపెట్టె బుస్సుమంది. సిరాజ్ దాన్ని ఒకే చొక్కా మీద నాలుగుసార్లు తిప్పుతున్నాడు.

"ఇక్కడొక సంతకం చెయ్యి. బట్ట ముట్టినట్టు" అన్నాడు దావూద్ రసీదు ముందుకు తోసి.

సుల్తాన్‌బీకి ఇంగ్లీషు రాదు, అరబ్బీ మాట్లాడుతుంది గానీ చదవలేదు. తెలుగులో తన పేరొక్కటే రాయగలదు. "మా షగుఫ్తా నేర్పిచ్చిందన్నా, ఫోన్లోనే. వేలిముద్ర ఏస్తే నామోషీ అమ్మా అంటాది" అంటూ పెన్ను అందుకుని, నాలుక పళ్లమధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం అతి జాగ్రత్తగా దిద్దింది. కొమ్ము ఒకటి తప్పు పడితే సరిచేసింది. సంతకమున్న రసీదు ఫర్వా కవరుకు పిన్ను కొట్టి, దాని కార్బన్ కాపీ దావూద్ సొరుగులో పెట్టుకున్నాడు.

రాత్రి ఇషా నమాజు అయ్యాక ఫోనొచ్చింది. సుల్తాన్‌బీ పనిచేసే ఇంటి మామా. కోపంతో గొంతు మండిపోతోంది. మామగారి ఫర్వాను ఏం చేశారని అడిగింది.

"మామా, మాదేం లేదు. వచ్చేటప్పుడే అట్ల ఉంది. మీ దగ్గరున్న కాగితం చదవండి, మీ మనిషి సంతకం పెట్టింది" అన్నాడు దావూద్ అరబ్బీలో. ఎంత శుభ్రంగా వచ్చాయో మాటలు! పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ అంత తడబడకుండా మాట్లాడలేదు.

అటువైపు ప్లాస్టిక్ కవరు గరగరమంది. కాగితం చదువుతోంది కాబోలు. తర్వాత ఫోను పెట్టేసింది.

రెండో ఫోను మర్నాడు మధ్యాహ్నం. ఈసారి సుల్తాన్‌బీ. బాత్రూములోంచి మాట్లాడుతున్నట్టుంది, నీళ్లు పడుతున్న చప్పుడు.

"దావూదన్నా, మామా నేను మిషన్లో ఏసినానంటాంది. ఏలేదు మామా అంటే, నీ సంతకం నువ్వే పెట్టి మళ్లీ నాతో అబద్ధం చెప్తావా అంటాంది. ఫర్వా పోతే పోనీ, అబద్ధాలాడేదాన్ని ఇప్పుడు పంపను, ఈదు పండగ అయినాక చూస్తానంటాంది. అన్నా, నువ్వన్నా ఒక మాట చెప్పన్నా. నువ్వంటే వాళ్లకు గురి. ఉస్తాద్ అంటారు గదా నిన్ను."

తనను ఇరికించినవాణ్ణే సాక్ష్యానికి పిలుస్తోంది మనిషి. అనుమానం ఇసుమంత కూడా లేదు ఆ గొంతులో. దావూద్‌కు ఫోను చేతిలో బరువెక్కింది.

"చూస్తాలేమ్మే" అన్నాడు.

ఏం చూశాడు? ఫిబ్రవరి రెండో తారీఖు వచ్చి పోవడం చూశాడు. ఆ పగలంతా ఆకాశంలో విమానం చప్పుడైతే తలెత్తలేదు. కాన్పు ఇరవైకి కదా, ఇంకా పద్దెనిమిది రోజులుంది అనుకున్నాడు. తర్వాత పదహారు. తర్వాత పన్నెండు. ముందు ముదీరుతో చెప్పి, తర్వాత వాళ్లింటికి పోదామనుకున్నాడు. ముదీరుకు జలుబు చేసింది. జలుబు తగ్గాక కోపంగా ఉన్నాడు. మొదటి రకాతులో రేపు చెప్తానని, రెండో రకాతులో ఎల్లుండి చెప్తానని నమాజులో అనుకునేవాడు.

సిరాజ్ అతన్ని ఉస్తాదనడం మానేశాడు. అన్నా అంటున్నాడు, అంతే. ఒకరోజు అరబ్బులు తొడిగే తెల్లటి పొడుగు చొక్కా, దిష్‌దాషాకు ఇస్త్రీ చేస్తూ, తలెత్తకుండానే అన్నాడు. "యేట్లో దూకి నీటికుక్కను చేత్తో పట్టినోనివి. నోట్లో ఉండే ఒక్క మాటను పట్టుకోని బయటికి లాగలేవా అన్నా?"

"నేను పట్టలేదురా" అన్నాడు దావూద్.

"ఏంది?"

"నీటికుక్కను నేను పట్టలేదు. మా మామ పట్టినాడు. కాళ్లు కట్టేసి, కర్రతో కొట్టినాడు. నేను చూస్తా నిలబడితి."

సిరాజ్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాడు దావూద్. చెయ్యలేదు. "అది నాకు చెప్తే ఏమొస్తాదన్నా. చెప్పాల్సినచోట చెప్పుపో" అన్నాడు.

పన్నెండో తారీఖు, బేస్తవారం. పొద్దు కుంకి మగ్రిబ్ నమాజు అయ్యాక దావూద్ తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని ఆ ఇంటికి బయల్దేరాడు.

ఆ ఇళ్లలో దీవానియా అని ఒక గది వీధివైపే ఉంటుంది. సాయంత్రమైతే తలుపు తెరిచి ఉంటుంది. ఎవరైనా సలాము చెప్పి లోపలికి పోవచ్చు, కూర్చోవచ్చు. ఎందుకొచ్చావని అడగరు, ముందు గహ్వా పోస్తారు. దావూద్ చెప్పులు విడిచి లోపలికి పోతే, గోడలవెంట పరుపుల మీద ఏడెనిమిదిమంది పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. మధ్యలో ముసలి బాబా, అబూ ఫలాహ్. ఎనభై దాటిన మనిషి. భుజాల మీద అదే ఫర్వా. అదే కాలరు.

తీసేసి ఉంటారనుకున్నాడు దావూద్. తీయలేదు. కుట్లు తనవే. చెవుల కింద ఆగిపోయిన కొసలు, చిట్లిన తోలు మీద తాను దువ్విన బొచ్చు.

"రా రా, ఉస్తాద్" అని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు ముసలాయన. గహ్వా పోసేవాడు చిన్న గిన్నె చేతికిచ్చాడు.

"ఇప్పుడే దీని కథ చెప్తున్నాను" అన్నాడు ముసలాయన కాలరు తడుముకుంటూ. "మా నాయన ఒంటెల మీద బస్రా దాటి, అవతల నీటిమడుగుల దేశానికి పోయేవాడు. అక్కడ జనం రెల్లుతో ఇళ్లు కట్టుకుని నీళ్లమీదే బతికేవాళ్లు. ఒక చలిరాత్రి వాళ్లింట్లో పడుకుంటే, మా నాయనకు జ్వరమొచ్చింది. ఆ ఇంటాయన తన మెడకున్న ఈ తోలు తీసి మా నాయన మెడకు చుట్టాడట. తెల్లవారి తిరిగిస్తే తీసుకోలేదు. ఆ మడుగులు ఎండగట్టేశారు తర్వాత. ఆ జంతువులు ఉన్నాయో లేవో దేవుడికే తెలుసు. నేనొక్కటి కూడా ప్రాణంతో ఉన్నదాన్ని చూడలేదు. ఇదొక్కటే నాకు తెలిసింది."

మూలన కూర్చున్న లావుపాటాయన అన్నాడు. "ఇప్పుడేమో పనిమనిషి దానికి మిషన్లో ఈత నేర్పింది!"

అందరూ నవ్వారు. పనిమనుషుల మీద ఇంకో ముగ్గురు తలా ఒక కథ చెప్పారు. ఒకామె బంగారు దారం అంచున్న బిష్త్ అంగీని బ్లీచులో వేసిందట. ఇంకొకామె తివాచీని ఇస్త్రీ చేసిందట. నవ్వులు గది నిండాయి. ఆ నవ్వుల్లో తన నవ్వు కూడా ఉన్నట్టు దావూద్‌కు ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. నోరు దానంతటదే నవ్వుతోంది. పళ్లు బయటపెట్టి, తల ఊపుతూ, ఇంత బాగా నవ్వుతోంది.

చాలు అనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలి, అదీ పద్ధతి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. దావూద్ ఊపలేదు. గిన్నె ఊపితే ఇక మాట్లాడాలి. రెండోది తాగాడు. మూడోది. నాలుగోది పోస్తూ, పోసేవాడు అతని ముఖంలోకి వింతగా చూశాడు. అయిదోదానికి గిన్నె ఒరిగి, గహ్వా పరుపు మీద చిందింది.

"హజ్జీ, ఆమె చెయ్యలేదు. నేను చేశాను" అన్నాడు.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. నీళ్లలో ముంచిన సంగతి, బాయిలరు పక్కన ఆరేసిన సంగతి. ఎందుకు ముంచావని లావుపాటాయన అడిగితే, పెన్నేటి సంగతి, తోలు మీద పోసిన రెండు చెంబుల సంగతి కూడా చెప్పాడు. అరబ్బీలో పెన్నేరుకు మాటేముంది, మా ఊరి నది అన్నాడు. చెప్తుంటే అదెంత తెలివితక్కువగా ఉందో తన చెవికే వినపడింది.

ముసలాయన కాలరు తడుముకుంటూనే ఉన్నాడు. ముఖంలో కోపం లేదు. "పాతది. నాతో పాటే పోవలసింది. కొంచెం ముందు పోయింది" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి చెయ్యి ఆగింది. "మరి కాగితం? ఆమె సంతకం?"

"అది కూడా నేనే రాశాను. తోలు పాడయ్యాక రాశాను. ఆమెకు చదవడం రాదు. బట్ట ముట్టినట్టు సంతకం చెయ్యమన్నాను."

ఇప్పుడు మారింది ముసలాయన ముఖం. పక్కనున్నవాళ్లు కొంచెం కొంచెంగా అవతలికి జరిగినట్టనిపించింది దావూద్‌కు. నిజంగా జరిగారో లేదో.

"తోలు తెలియక పాడుచేశావు" అన్నాడు ముసలాయన. "కాగితం తెలిసి రాశావు."

లోపలి తలుపువైపు తిరిగి కోడలిని కేకేశాడు. తలుపు సగం తెరుచుకుంది. సందులో నల్లటి అబాయాలో మామా, ఆమె వెనక సుల్తాన్‌బీ. గరిటె చేతిలోనే ఉంది, వంటింట్లోంచి వచ్చినట్టుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాకు చెప్పింది వీళ్లకు చెప్పు" అన్నాడు ముసలాయన.

దావూద్ లేచి నిలబడి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. మొదటిసారి చెప్పినప్పటికంటే ఇది కష్టమైంది, ఎందుకంటే సుల్తాన్‌బీ అతన్నే చూస్తోంది. రసీదు మాట వచ్చినప్పుడు ఆమె తన కుడిచెయ్యి వంక ఒకసారి చూసుకుంది. మామా పనిమనిషివైపు తిరగబోయి, తిరగలేక, గబగబా లోపలికి పోయింది. అల్మారా తాళం చప్పుడు వినిపించింది. పాస్‌పోర్టు తీస్తోందని అందరికీ తెలిసింది.

అమ్మయ్య అనుకున్నాడు దావూద్. ఇంకా ఎనిమిది రోజులుంది. రేపు టికెట్టు దొరికినా ఎల్లుండికి కడపలో ఉంటుంది.

అప్పుడు సుల్తాన్‌బీ తెలుగులో మాట్లాడింది. గొంతు పెంచలేదు. గదిలో ఆ మాటలు తెలిసింది దావూద్ ఒక్కడికే.

"ఈ పొద్దు తెల్లారుజామున అయిపాయనన్నా. ఎనిమిది దినాలు ముందే వచ్చినాయి నొప్పులు. పక్కింటామె ఆటోలో ఏస్కోని పోయిందంట ఆస్పత్రికి. ఆడబిడ్డ. ఫోన్లో చూపిచ్చినారు. షగుఫ్తా నొప్పులకు అరుస్తా, మా అమ్మ చెయ్యి ఇయ్యండి, మా అమ్మ చెయ్యి ఇయ్యండి అనిందంట. ఎవురిదో నర్సు చెయ్యి పట్టుకున్యాదంట. నువ్వు పోయిన వారం ఈడికొచ్చి ఈ మాట చెప్పింటే నా చెయ్యి ఉండేది ఆడ. నా పేరు రాసేది నేర్చుకున్యానని ఎంత మురిసినానో, నీ ముందరనే రాస్తి గదన్నా."

ఆమె ఏడవలేదు. ముసలాయనకు ఆమె గొంతులోని నిదానం చూసి మనసు కుదుటపడ్డట్టుంది.

"ఏమంటోంది? నిన్ను మన్నించింది కదా? శుక్రన్ చెప్తోందా?" అని అడిగాడు.

అందరూ దావూద్ వంక చూశారు. అవునని ఒక్క మాటంటే చాలు. లావుపాటాయన వీపు తడతాడు, ఇంకో గిన్నె గహ్వా పోస్తారు, తప్పు ఒప్పుకున్న మంచి మనిషిగా వీధిలోకి నడిచిపోవచ్చు. ఆ అవునన్న మాట నాలుక కొసదాకా వచ్చింది కూడా. అబద్ధం అతనికి ఇప్పుడు అలవాటైన దారి.

"లేదు హజ్జీ" అన్నాడు. "ఈ ఉదయమే ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టిందట. అనుకున్నదానికంటే ముందే. నేను పోయిన వారం వచ్చి చెప్పి ఉంటే ఈమె అక్కడ ఉండేది. నేను ఆలస్యంగా వచ్చాను. అదీ అంటోంది."

 లోపల్నుంచి మామా పాస్‌పోర్టు పట్టుకుని వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఇరవై ఏళ్ల వంటింటి అరబ్బీ సుల్తాన్‌బీది. చదవలేదు గానీ వింటే ఒక్క మాట జారిపోదు. అతను చెప్పినదంతా చివరిదాకా విన్నది.

"చెయ్యి మాట చెప్పలేదు నువ్వు" అంది తెలుగులోనే. "నా బిడ్డ నా చెయ్యి అడిగింది చెప్పలేదు. పేరు రాసేది నేర్చుకున్న మాట చెప్పలేదు. అన్నీ చెప్పు."

దావూద్ ముసలాయన వైపు తిరిగాడు.  చేతిలో ఇంకా గహ్వా గిన్నె ఉందని అప్పుడు చూసుకుని, కింద పెట్టాడు. తలుపు దగ్గర సుల్తాన్‌బీ వింటూ నిలబడింది. నొప్పుల్లో ఆ పిల్ల ఏమని అడిగిందో, ఎవరి చెయ్యి దొరికిందో, తల్లికి పేరు రాయడం నేర్పిందెవరో, ఆ పేరును తాను ఏ కాగితం మీద రాయించాడో, ఒక్కొక్క మాటా అరబ్బీలో వెతుక్కుంటూ చెప్పడం మొదలుపెట్టాడు.